నలుగురూ చూడనిదే ఎత్తరాదు

మా సున్నంబట్టీ వీధి వాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట నేననడం లేదమ్మా, వాళ్ళే అనుకుంటారు. అనుకుని ఊరుకుంటారా? కొత్తగెడ్డ మునిసిపాలిటీ మొత్తం వెతికినా ఇంత తెలివి ఇంకే వీధిలోనూ దొరకదని, కిటికీలు తెరిచి ఉంచితే అది కాస్తా పక్క వీధిలోకి పోతుందని, అటువైపు కిటికీలు మేకులు కొట్టి మూసేశారు. ఉక్కపోతతో చస్తారు గానీ తెలివిని మాత్రం వీధి దాటనివ్వరు.

ఆ వీధిలో నాలుగో ఇల్లు మాది. నేను కోడలిగా వచ్చినదాన్ని కాబట్టి నాకంత తెలివి లేదని ముందే తేల్చేశారు. పోన్లే, నాకూ హాయి.

మొన్న వేసంగి వెళ్ళాక మునిసిపాలిటీ వాళ్ళు వీధి వీధికీ ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాలన్నారు. చెత్త సరిగా ఎత్తుతున్నారా లేదా, బండ్లు అడ్డదిడ్డంగా పెడుతున్నారా లేదా అని కనిపెట్టుకుని ఉండడానికి. కౌన్సిలరమ్మ వచ్చి మురుక్కాలవ అవతల నిలబడి, "మీలో తెలివైనవాళ్ళు నలుగురు ముందుకి రండి" అంది.

ఇంకేముంది! వీధి వీధంతా ఒక్కసారి ముందుకొచ్చింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కాలవలో పడ్డారు. పడకుండా అవతలి గట్టు చేరినవాళ్ళు సరిగ్గా నలుగురు. అంతే, ఆ నలుగురే కమిటీ.

ప్రెసిడెంటు అప్పలసూరి. తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాల మీద ముద్రలు కొట్టి రిటైరైన మనిషి. కాగితం మీద ఉన్నది నిజం, లేనిది అబద్ధం, అంతే ఆయనకి. రెండోవాడు దర్జీ లోకనాథం. మూడో మనిషి పచ్చళ్ళు పెట్టి అమ్మే సత్యవేణి. నాలుగోవాడు గవరయ్య, ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఎవరైనా మాట్లాడుతుంటే చెయ్యెత్తి ఆపేస్తాడు, ఆపాక తను ఏం చెప్పాలో ఆలోచించుకుంటాడు.

మునిసిపాలిటీ వాళ్ళు అప్పలసూరి చేతిలో ఒక కాగితం పెట్టారు, ఏమేం చూసుకోవాలో రాసి. ఆయన దాన్ని మడత పెట్టి జేబులో పెట్టుకుని గుండెలమీద చెయ్యేసుకుని తిరగడం మొదలెట్టాడు. గుండెనొప్పేమో అని వాళ్ళావిడ వాము నీళ్ళు కూడా కాచి ఇచ్చింది పాపం.

ఇక మా వీధి మొగలో వరహాలమ్మ టిఫిన్ బండి ఉంది. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే. ఆవిడ ఇడ్లీ తినకుండా మా వీధిలో ఎవరికీ తెల్లారదు. మొగుడు పోయాక ఆ బండి మీదే ఇద్దరాడపిల్లల్ని చదివించుకొచ్చింది. చిన్నది ఇంకా నర్సింగు చదువుతోంది. ఆ బండి పక్కనే చెత్తకుప్ప. ఆవిడది కాదు సుమా! ఆవిడ తన విస్తరాకులూ కాగితాలూ గోనెసంచిలో మూట కట్టి, చెత్త ఆటో నడిపే పైడిరాజుకి రోజూ అందించేస్తుంది. కుప్ప మాది, వీధి వాళ్ళది. ఆటో దాకా నడవడానికి బద్ధకం వేసి అక్కడ గుమ్మరించేసి వచ్చేది మా తెలివైనవాళ్ళే.

సోమవారం పొద్దున్న శానిటరీ ఇనస్పెక్టరు వచ్చాడు. కుప్పని చూశాడు, బండిని చూశాడు, రెండిడ్లీలు తిన్నాడు. తిని చెయ్యి కడుక్కుంటూ, "శుక్రవారం కమిషనర్ గారు తనిఖీకి వస్తున్నారు. అప్పటికి ఈ కుప్ప ఇక్కడే ఉంటే నీ బండి ఎత్తించేస్తారు" అన్నాడు.

"అదేటి బాబూ, అది నా సెత్త కాదు గదా!" అంది వరహాలమ్మ.

"ఎవరిదైతేనేం? కుప్పకి లైసెన్సు లేదు, పేరు లేదు. కాగితం మీద ఎవరి పేరో ఒకరిది రాయాలి గదా. నీకు పేరుంది."

అదీ సంగతి. శుక్రవారంలోగా కుప్ప పోవాలి, లేకపోతే వరహాలమ్మ బండి పోతుంది. చిన్నపిల్లకైనా అర్థమయ్యే ముక్క. వరహాలమ్మ పరుగు పరుగున కమిటీ దగ్గరకెళ్ళింది. "మీకు దండం పెడతాను బాబూ, ఆ కుప్ప ఎత్తించీయండి" అంది.

కమిటీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. చెడ్డవాళ్ళయితే ఏదో ఒకటి చేసుకోవచ్చు, వీళ్ళతోనే మహా కష్టం. "నీ బండికి మేమున్నాం వరహాలమ్మా! రేపు పొద్దున్నే కుప్ప మాయం" అన్నాడు అప్పలసూరి.

మంగళవారం ఏడింటికి పైడిరాజు ఆటో వచ్చింది. పార తీసి కుప్పలో దించబోయాడు. "ఆగు!" అని అరిచాడు అప్పలసూరి. జేబులోంచి కాగితం తీశాడు. "కమిటీ సభ్యులందరూ చూసిన మీదటే చెత్త ఎత్తవలెను. ఇక్కడ ముగ్గురమే ఉన్నాం. లోకనాథం చూడలేదు."

లోకనాథం ఎక్కడ? బొంతలపాలెంలో మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు.

నాకు ఉండబట్టలేదు. "ఫోనులో ఫోటో తీసి పంపండయ్యా, చూస్తాడు" అన్నాను.

గవరయ్య చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఆపి చాలాసేపు ఆలోచించాడు. "కాగితంలో చెత్తని చూడాలని ఉంది. ఫోటోని చూడాలని లేదు" అన్నాడు.

"అమ్మో, ఎంత పాయింటు పట్టావురా!" అని అప్పలసూరి వాడి భుజం తట్టాడు. పైడిరాజు పార ఆటోలో పడేసి, "మరి నాకు ఇంకా ఎనిమిది వీధులున్నాయి సారూ" అని వెళ్ళిపోయాడు.

ఇప్పుడెలా? పెళ్ళి మానుకుని లోకనాథం రాడు. అతను రాకపోతే చెత్తే అతని దగ్గరకెళ్ళాలి. కానీ చూడకుండా ఎత్తకూడదే! సత్యవేణి తేల్చేసింది. "ఎత్తేది పైడిరాజు కదా. మనం ఎత్తట్లేదు, ఎవరిది వాళ్ళం పట్టుకెళ్ళి చూపిస్తున్నాం." అంతే, వీధి వాళ్ళంతా కుప్ప మీద పడ్డారు. ఈ చింతపిప్పి నాదంటే నాదని ఇద్దరు వియ్యపురాళ్ళు జుట్లు పట్టుకున్నారు. ఎవరి చెత్త వాళ్ళు ఏరుకుని, పెళ్ళికి వెళ్ళేటప్పుడు బాగోదని మెరుపు కాగితాలు చుట్టి, రిబ్బన్లు కట్టి, ముప్పై మంది బొంతలపాలెం బస్సెక్కారు. కండక్టరు ముక్కు మూసుకునే టికెట్లు కొట్టాడట.

పెళ్ళివారు చూశారు. ముప్పై మంది, ముప్పై ప్యాకెట్లు! పెళ్ళికూతురి పిన్ని ఎదురొచ్చి పన్నీరు చల్లి, ప్యాకెట్లన్నీ అందుకుని కానుకల బల్ల మీద పేర్పించింది. ఇంకేముంది, లోకనాథం అక్షింతలు పక్కన పడేసి వచ్చి, ఒక్కొక్క ప్యాకెట్టే విప్పి, నలుగురికీ వినపడేలా చదవడం మొదలెట్టాడు.

"గవరయ్యగారింటి తోటకూర కాడలు. చూశాను! సత్యవేణమ్మ గారి మావిడి టెంకలు. చూశాను! ఇదేంటి, చేప తలా? చూశాను!"

పెళ్ళికొడుకు తండ్రి లేచి, "ఇవి ఎవరి తరఫువయ్యా?" అని గద్దించాడు.

"వీధి తరఫువండి" అన్నాడు అప్పలసూరి ఎంతో వినయంగా.

తర్వాత ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు. బయటికి గెంటేశారు. గెంటేస్తూ పెళ్ళికూతురి బాబాయి, "తీసుకుపొండి! ఇవే కాదు, మా ఎంగిలాకులు కూడా తీసుకుపొండి!" అని కోపంగా అరిచాడు. పెద్దమనిషి నోరు తెరిచి అడిగాడు, కాదంటే మర్యాదేనా? మూడొందల విస్తళ్ళూ గోనెల్లో కుక్కుకుని వచ్చారు. దారిలో పారెయ్యొచ్చు కదా? పారెయ్యరు. చూసిన చెత్త చూసినచోటే ఉండకపోతే లెక్క కుదరదని తెచ్చి మళ్ళీ కుప్ప మీదే పోశారు. కుప్ప రెండింతలైంది. వరహాలమ్మ ఇడ్లీ కుక్కర్ మూత సగం తీసి అలాగే నిలబడిపోయింది.

బుధవారం పైడిరాజు వచ్చాడు. నలుగురూ ఉన్నారు. నలుగురూ చూశారు. వరహాలమ్మ చేతులు జోడించింది. పైడిరాజు పార ఎత్తాడు.

"ఆగు!" అన్నాడు అప్పలసూరి. కాగితంలో రెండో ముక్క చదివాడు. "తడి చెత్త, పొడి చెత్త కలిపి ఎత్తరాదు."

"నాను వేరు సేసుకుంటాన్లెండి సారూ, రోజూ సేసే పనే గదా" అన్నాడు పైడిరాజు.

"నీకేం తెలుసు? పర్యవేక్షణ మాది" అన్నాడు లోకనాథం. నిన్న పెళ్ళిలో జరిగిన అవమానానికి అతను మంచి కాకమీదున్నాడు.

రెండు రకాలుండడం వల్లే కదా ఈ బాధ, అంతా ఒకే రకం చేసేస్తే సరి అన్నాడు గవరయ్య. అంతే, వీధి ఈ చివర్నించి ఆ చివరికి తాళ్ళు కట్టారు. విస్తరాకులు, తోటకూర కాడలు, అరటితొక్కలు, టీపొడి, అన్నీ ఆరేశారు. టీపొడిని చీర కొంగుల్లో మూటలు కట్టి వేలాడదీశారు. గవరయ్య తన దగ్గర బాగుచెయ్యడానికొచ్చిన పదకొండు ఫ్యాన్లు తెచ్చి గాలి పెట్టాడు. లోకనాథం ఇస్త్రీపెట్టె తెచ్చి విస్తళ్ళని ఒక్కొక్కటే ఇస్త్రీ చేసి మడతలు పెట్టాడు. మడత నలిగితే మళ్ళీ చేశాడు కూడా. మధ్యాహ్నం మూడయ్యేసరికి మా వీధిలో చెత్త మా ఇళ్ళలో బట్టల కంటే నీటుగా ఉంది.

నాలుగింటికి భోరున వాన.

నేను తలపట్టుకున్నాను. కమిటీ మాత్రం చిందులేసింది! "పొడి అయితేనేం, తడి అయితేనేం, ఒకే రకం అయింది కదా! మొత్తం తడే! ఎత్తెయ్యొచ్చు!" పైడిరాజుకి ఫోను చేశారు. ఆ పూటకి డ్యూటీ దిగిపోయానని, పొద్దున్నే వస్తానని అన్నాడు. పొద్దున్నకి పైన ఆరిపోతే? మళ్ళీ రెండు రకాలైపోదూ? ఇంకేముంది, వాన వెలిసిన దగ్గర్నించి వంతులేసుకుని బిందెలతో నీళ్ళు మోసి కుప్ప మీద పోయడం మొదలెట్టారు. ఆ నీళ్ళకి కుప్ప జారి, జారి, వరహాలమ్మ బండి కింది దాకా వచ్చేసింది. ఆవిడ పొయ్యి తడిసింది, బొగ్గులు తడిశాయి. "ఇంకొక్క బిందె, ఇంకొక్క బిందె, నీ కోసమే!" అని సత్యవేణి ఆయాసపడుతూ మోస్తోంది. వరహాలమ్మ చీపురుతో ఆ బురదని వెనక్కి తోసుకుంటోంది.

గురువారం. ఇవాళ అడ్డేం లేదు. నలుగురూ చూశారు, మొత్తం తడి. ఆటో చప్పుడు వినపడింది. వరహాలమ్మ మొహంలో నాలుగు రోజుల తర్వాత కాస్త కళ కనపడింది.

అయితే తెల్లారగట్లే మునిసిపాలిటీ మనుషులు వచ్చి, కమిషనర్ గారొస్తున్నారని, వీధి మొగలో కొత్త బోర్డు పాతి వెళ్ళారు. "ఈ వీధిలో వాహనములు నిలుపరాదు. పర్యవేక్షణ కమిటీదే బాధ్యత."

"ఆపకు! ఆపకు! పోనీ!" అని నలుగురూ ఆటోకి ఎదురెళ్ళి అరిచారు.

"ఆపకుండా కుప్ప ఎలగెత్తుతాను సారూ?"

"అది నీ పని. ఆపకుండా చూడ్డం మా పని."

పాపం పైడిరాజు వీధిలో నెమ్మదిగా తిరగడం మొదలెట్టాడు. జనం గంపలు పట్టుకుని వెనకాల పరుగులు. పరిగెడుతూ విసిరితే కాస్త ఆటోలో, కాస్త పైడిరాజు మీద, మిగతాది అంతవరకూ శుభ్రంగా ఉన్న ఇళ్ళ ముందు. మూడు చుట్లు తిరిగి, నెత్తిమీంచి చేమదుంపల తొక్కలు దులుపుకుంటూ, అలాగే ఆగకుండా వెళ్ళిపోయాడు.

కమిటీ తన వాళ్ళనైనా వదిలిందా? లేదు, ఆ మాట చెప్పాలి. అప్పలసూరి స్కూటరు ఇంటి ముందుంది. నిలుపరాదు. దాన్ని తోసుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడం మొదలెట్టాడు. వాళ్ళావిడ వెంట నడుస్తూ నోట్లో పెరుగన్నం ముద్దలు పెట్టింది.

"ఇంట్లో పెట్టుకోవచ్చు కదండీ" అన్నాను.

"ఎలా పెడతానమ్మా? లోపలికి తొయ్యాలంటే గేటు దగ్గర ఆగి గడియ తియ్యాలి కదా!" అన్నాడు, చెమటలు కక్కుతూ.

అంతలో సత్యవేణి చూపు టిఫిన్ బండి మీద పడింది. కిందకి వంగి చూసింది. "వరహాలమ్మా, నీ బండికి చక్రాలున్నాయే!"

"ఉన్నాయమ్మా, పద్దెనిమిదేళ్ళ నుంచీ ఉన్నాయి."

"మరి నిలబెట్టావేం?"

అంతే. ఆ రోజంతా వరహాలమ్మ బండి తోస్తూనే ఉంది. తోస్తూ పిండి పోసింది, తోస్తూ ఇడ్లీలు దించింది. జనం ప్లేట్లు పట్టుకుని పక్కనే నడుస్తూ తిన్నారు. వీధి ఈ చివర ఇడ్లీ, ఆ చివరకెళ్ళేసరికి చట్నీ. తిన్న కాగితాలు ఎక్కడ తిన్నవాళ్ళు అక్కడే పడేశారు. ముసలి తాతగారొకాయన రెండో ఇడ్లీ కోసం నడిచి నడిచి, సాంబారు అందకుండానే అరుగు మీద కూలబడ్డాడు. నాకు నవ్వొచ్చిందా అంటే వచ్చింది. కానీ సాయంత్రం వరహాలమ్మ మా గుమ్మం ముందు కూర్చుని అరికాళ్ళు చూపిస్తే ఆ నవ్వంతా పోయింది. బొబ్బలెక్కిపోయాయి.

"నానే ఎత్తేత్తానమ్మా. గంప తెచ్చుకున్నాను" అంది. లేచి కుప్ప దగ్గరకెళ్ళి రెండు గంపలు నింపింది కూడా. ఎలా పసిగట్టారో, నలుగురూ పరిగెత్తుకొచ్చారు.

"నువ్వెందుకు కష్టపడతావు వరహాలమ్మా? మేం లేమూ?" అని గంప లాక్కుని, నింపినదంతా తిరిగి కుప్ప మీద బోర్లించాడు లోకనాథం.

"బాబూ, మీరు ఏటీ సెయ్యొద్దు. కాస్త తప్పుకోండి, అది సాలు" అంది వరహాలమ్మ.

నలుగురూ తలో అడుగు పక్కకి జరిగారు. జరిగి, గంప మాత్రం వదలకుండా, "ఇంకేమన్నా చెయ్యాలా?" అన్నారు.

శుక్రవారం పొద్దున్న ఆరింటికే కమిటీ మీటింగు పెట్టింది. ఈసారి మొహాలు సీరియస్‌గా ఉన్నాయి. అప్పలసూరి అన్నాడు, "పదింటికి కమిషనర్ గారొస్తారు. వచ్చి బండి ఎత్తించేస్తారు. మనం మాటిచ్చాం. ఆ బండి వాళ్ళ చేతికి దొరక్కూడదు."

గవరయ్య చెయ్యెత్తాడు. ఈసారి ఎక్కువసేపు ఆలోచించలేదు. "వాళ్ళు ఎత్తకముందే మనమే ఎత్తేస్తే? ఇక వాళ్ళెత్తడానికి ఏముంటుంది?"

ఆ మాటకి సత్యవేణి లేచి వాడికి దిష్టి తీసింది.

వరహాలమ్మ బండి తోసుకుంటూ వచ్చింది. కమిటీ ఎంతో ఆప్యాయంగా ఎదురెళ్ళింది. "నువ్వు ఇంటికెళ్ళి మంచి చీర కట్టుకుని రా తల్లీ. బండి మేం తిప్పుతూ ఉంటాం. నువ్వొచ్చేసరికి నీ బండికి ఏ ఢోకా లేకుండా చేసేస్తాం" అన్నారు. కమిషనర్ ముందు మాసిన చీరలో నిలబడితే ఏం బాగుంటుందని ఆవిడా వెళ్ళింది. నేను ఆ టైముకి వంటింట్లో ఉన్నాను. ఉండకపోతే బాగుండేది.

పైడిరాజు ఆటో వచ్చింది. నలుగురూ బండి పట్టుకుని ఆటోతో పాటు పరుగెత్తారు. "ఇది సెత్త కాదు సారూ! వరహాలమ్మ బండి!" అని మొత్తుకున్నాడు పైడిరాజు.

అప్పలసూరి పరిగెడుతూనే కాగితం తీశాడు. "నలుగురం చూశామా? చూశాం. తడి ఉందా? లేదు, మొత్తం పొడి. నీ ఆటో ఆగిందా? ఆగలేదు. ఇన్నాళ్ళకి అన్ని నియమాలూ కుదిరాయి. ఎక్కించండర్రా!"

హైలెస్సా అని బండిని ఎత్తి ఎక్కించేశారు. ఐదు రోజుల్లో మా వీధిలోంచి చెత్త ఆటో ఎక్కి పద్ధతి ప్రకారం వెళ్ళిన వస్తువు అదొక్కటే. తిన్నగా డంపింగ్ యార్డుకి వెళ్ళింది.

పదింటికి కమిషనర్ జీపు వచ్చింది. బోర్డుంది కదా, కమిటీ దాన్నీ ఆగనివ్వలేదు. నలుగురూ పక్కన పరిగెడుతుంటే కమిషనర్ జీపులోంచే తల బయటపెట్టి చూశాడు. ఇనస్పెక్టరు లోపల కాగితం తిప్పి చదివాడు.

"తోపుడు బండి తొలగింపు, ఒకటి." "ఏదయ్యా బండి?" అన్నాడు కమిషనర్.

"లేదండీ, తొలగిపోయింది" అన్నాడు అప్పలసూరి రొప్పుతూ.

"వెరీ గుడ్. మరి ఆ కుప్పేంటి?"

ఇనస్పెక్టరు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "కుప్ప మన కాగితంలో లేదు సార్."

"ఓహో, అయితే సరే" అన్నాడు కమిషనర్. జీపు వెళ్ళిపోయింది. అప్పుడర్థమైంది నాకు, తెలివి మా కిటికీల్లోంచి ఎప్పుడో బయటపడి మునిసిపాలిటీ ఆఫీసు దాకా పాకిందని.

వరహాలమ్మ వచ్చింది. పెద్దకూతురి పెళ్ళినాటి ఆకుపచ్చ చీర కట్టుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. "నా బండేదీ?"

"ఇక నీ బండిని ఎవ్వరూ ఎత్తించలేరు వరహాలమ్మా! ముందే మేం ఎత్తించేశాం!" అని నలుగురూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ ఏడవలేదు. వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. నేను మాత్రం ఊరుకోలేదు. "మీ తెలివి తగలెయ్యా! మీ కమిటీ తగలెయ్యా!" అని నోటికొచ్చినట్టు తిట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని అద్దె ఆటో ఎక్కించి యార్డుకి తీసుకెళ్ళాను. పైడిరాజు మంచివాడు. బండిని చెత్తలో పడెయ్యకుండా గేటు దగ్గర నీడలో దించి ఉంచాడు. కుక్కర్ కొంచెం సొట్ట పోయింది, అంతే. అప్పుడే యార్డులో పనిచేసేవాళ్ళూ, ఆటో డ్రైవర్లూ బండి చుట్టూ మూగి, "ఇడ్లీ ఉందా అమ్మా? ఇక్కడ చుట్టుపక్కల టీ చుక్క కూడా దొరకదు" అంటున్నారు.

వరహాలమ్మ బొడ్డున చెంగు దోపింది. పొయ్యి ముట్టించింది.

"ఇంటికెళ్దాం వరహాలమ్మా, బండి తిరిగి పెట్టించుకుందాం" అన్నాను.

"నాను రానమ్మా. ఇక్కడ సెత్త కొండంత ఉంది గానీ కమిటీ నేదు" అంది. ఇప్పటికీ అక్కడే ఉంది. చిన్నపిల్ల ఫీజు కూడా కట్టేసిందట. నేను అప్పుడప్పుడూ వెళ్ళి తినొస్తుంటాను.

ఇక మా వీధి సంగతి. శనివారం తెల్లారింది, ఇడ్లీ లేదు. ఆదివారం కూడా లేదు. జనం కాఫీ తాగి దిక్కులు చూడడం మొదలెట్టారు. సోమవారం కమిటీ అత్యవసరంగా కూర్చుంది. వరహాలమ్మ ఎందుకు వెళ్ళిపోయింది? చాలా తర్జనభర్జన జరిగింది. ఆవిడకి కోపం వచ్చి ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. చివరికి లోకనాథం తేల్చాడు.

"ఇక్కడ కుప్ప ఉన్నన్నాళ్ళూ బండి ఇక్కడుంది. యార్డులో ఇంతకంటే పెద్ద కుప్ప ఉంది, బండి అక్కడికెళ్ళింది. అంటే ఏంటి? పెద్ద కుప్ప ఎక్కడుంటే వరహాలమ్మ అక్కడుంటుంది. మన కుప్ప చిన్నదైపోయింది, అదీ తప్పు."

ఇంకేముంది! పైడిరాజుని వీధిలోకి రావద్దన్నారు. పక్క వీధుల్లోకెళ్ళి, "మీ చెత్త మాకిస్తారా?" అని గుమ్మం గుమ్మం దగ్గరా అడుక్కొచ్చారు. వాళ్ళకేం, సంతోషంగా ఇచ్చారు. కుప్ప మా డాబా పిట్టగోడ దాకా లేచింది. రోజూ పొద్దున్న ఆరున్నరకి కమిటీ నలుగురూ ఖాళీ ప్లేట్లు పట్టుకుని దాని ముందు వరసగా కూర్చుంటారు.

నిన్న నేను వంటింటి చెత్త బకెట్ పట్టుకుని పైడిరాజు ఆటో కోసం పక్క వీధిలోకి బయల్దేరాను. అప్పలసూరి అడ్డం వచ్చాడు. "అటెక్కడికమ్మా? అది యార్డుకెళ్తే ఆ కుప్ప ఇంకా పెరిగిపోదూ? ఇక వరహాలమ్మ ఎప్పటికి తిరిగొస్తుంది?" అని నన్ను కోప్పడి, బకెట్ లాక్కుని కుప్ప పైకంటా ఎక్కి బోర్లించాడు. బకెట్ అడిగితే ఇవ్వలేదు, ఎత్తు కలిసొస్తుందని అక్కడే ఉంచేశాడు.